గద్దె అడగని సుల్తాను - అబుల్ హసన్ తానీషా

అధికారం మీద ఆశ మనిషికి కొత్తగా వచ్చిన జబ్బు కాదు. మన దేశపు పెద్ద కథలు చాలావరకు దాని చుట్టూనే తిరిగాయి. సూది మొన మోపినంత నేల కూడా దాయాదులకు ఇవ్వనని పట్టుబట్టిన దుర్యోధనుడి కథ మహాభారతంలో ఉంది. చేతికి వచ్చిన రాజ్యాన్ని అన్నగారి పాదుకల కింద పెట్టి, ఊరి బయట తపసి వేషంలో పధ్నాలుగేళ్ళు గడిపిన భరతుడి కథ రామాయణంలో ఉంది. బల్ఖ్ నగరపు సింహాసనాన్ని విడిచి ఫకీరై వెళ్ళిపోయిన ఇబ్రాహీం బిన్ అద్‌హమ్ కథను మన సూఫీ పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. పదవిని కోరి వచ్చినవాడికి పదవి ఇవ్వకూడదన్న మాట పెద్దల నోట మనమందరం విన్నదే.

దుర్యోధనుడు ఒక చివర, భరతుడు ఇంకొక చివర. లోకంలో ఎక్కువ మంది ఈ రెండు చివరల మధ్య నిలబడేవారే. అటువంటి వారిలో ఒకరు మన గోల్కొండను ఏలిన ఆఖరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా. ఆయన జీవితాన్ని ఈ సంచికలో సభ్యుల ముందు, ముఖ్యంగా మన ఇళ్ళలోని పిల్లల ముందు పెట్టాలని మేము సంకల్పించాము.

ఆయన పేరుకు ఒక వింత పట్టింది. తెలుగు పల్లెల్లో హరికథ విన్న ముసలమ్మను అడిగినా తానీషా అంటే రాముడు కలలో కనిపించిన పుణ్యాత్ముడని చెబుతుంది. అదే పేరు హిందీలో తానాషా అయితే నియంత అని అర్థం. నియంతృత్వాన్ని తానాషాహీ అంటారు. ఆ మాట ఈ సుల్తాను పేరు మీదనే పుట్టిందని కొందరు చెబుతారు. అదే నిజమైతే ఇంతకంటే పెద్ద అన్యాయం ఉండబోదు. ఎందుకంటే గోల్కొండ గద్దె మీద కూర్చున్న వారిలో గద్దె కోసం చెయ్యి చాపనివాడు బహుశా ఈయన ఒక్కడే.

ఖాన్‌ఖాలో గడిచిన యౌవనం

అబుల్ హసన్ కుతుబ్‌షాహీ వంశానికి దూరపు చుట్టం. రాజవంశపు నెత్తురు ఒంట్లో ఉన్నా, కోటలో ఆయనకు చోటు లేదు. హైదరాబాదులో హజ్రత్ షా రాజు అనే సూఫీ పెద్ద ఉండేవారు. ఆయన గుల్బర్గా హజ్రత్ ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్ వారి సంతతివారు. ఆ పీరుగారి ఖాన్‌ఖాలో అబుల్ హసన్ శిష్యుడిగా చేరి సుమారు పధ్నాలుగేళ్ళు అక్కడే గడిపాడని చెబుతారు. అందరితోపాటు ఆ నాలుగు గోడల మధ్యనే బతికాడు. పసితనం పోని ఆ శిష్యుణ్ణి చూసి షా రాజు ముద్దుగా తానా షా అని పిలిచేవారట. అదే జనం నోట తానీషా అయింది. షా రాజు దర్గా హైదరాబాదు పాతబస్తీలో నేటికీ ఉంది.

ఆ రోజుల్లో గోల్కొండ అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలి. కృష్ణ ఒడ్డున కొల్లూరులో వజ్రాల గనులు, తూర్పు తీరాన మచిలీపట్నం రేవు, ఆ రేవు నుంచి దేశదేశాలకు పోయే అద్దకపు బట్టలు. డచ్చివారు, ఇంగ్లీషువారు, పారశీకులు అందరూ ఇక్కడికి వ్యాపారానికి వచ్చేవారు. అంత సంపద ఉన్న చోట అంత ఆశా ఉంటుంది. గోల్కొండ గద్దె మీద కన్ను పడనివాడు ఆ రాజ్యంలోనే కాదు, ఢిల్లీలో కూడా లేడు.

పెళ్ళికొడుకు మారిన పెళ్ళి

అప్పటి సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా. ఆయనకు కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్ళు. పెద్దమ్మాయిని మక్కా నుంచి వచ్చిన సయ్యద్ అహ్మద్‌కు ఇచ్చారు. నిజాముద్దీన్ అహ్మద్ అని కూడా ఆయన్నే అంటారు. గొప్ప విద్వాంసుడు. అయితే దర్బారులో అంతా తన మాటే సాగాలనే మనిషి. రెండవ అమ్మాయి పెళ్ళి కత్తి మొన మీద జరిగింది. 1656లో మొగలు యువరాజు ఔరంగజేబు గోల్కొండ మీదికి దండెత్తి వచ్చినప్పుడు, సంధి షరతుల్లో భాగంగా ఆ అమ్మాయిని ఆయన కొడుకు మహమ్మద్ సుల్తానుకు ఇవ్వవలసి వచ్చింది.

మూడవ అమ్మాయికి సయ్యద్ సుల్తాను అనే ఆయనతో సంబంధం కుదిరింది. పెద్దల్లుడికి ఈయనంటే గిట్టదు. పెళ్ళి పనులన్నీ అయిపోయి, ఊరంతా తోరణాలు కట్టి, మెహందీ వేడుక నడుస్తూ ఉండగా పెద్దల్లుడు అడ్డం తిరిగాడు. ఈ పెళ్ళి జరిగితే తాను రాజ్యం విడిచి పోతానని బెదిరించాడు. అబ్దుల్లాకు ఏం చేయాలో పాలుపోలేదు. పెళ్ళి ఆపితే పరువు పోతుంది, జరిపితే పెద్దల్లుడు శత్రువవుతాడు. అప్పుడు ఎవరో అబుల్ హసన్ పేరు గుర్తు చేశారు. ఖాన్‌ఖాకు మనుషులు పరుగెత్తారు. ఫకీరు బట్టల్లో ఉన్న మనిషిని స్నానం చేయించి, పెళ్ళిబట్టలు కట్టించి, గుర్రమెక్కించి తీసుకొచ్చి నిఖా చేశారని చరిత్రకారులు చెప్పే కథ.

ఇద్దరు అల్లుళ్ళు అధికారం కోసం పోట్లాడుకున్నారు. ఆ పోట్లాటలో మూడోవాడు అడగకుండానే రాజుగారి అల్లుడయ్యాడు.

1672లో అబ్దుల్లా కుతుబ్ షా కన్నుమూశాడు. పెద్దల్లుడు గద్దె తనదేనన్నాడు. అప్పటికే ఆయన పెత్తనంతో విసిగిపోయిన దర్బారు పెద్దలు, అంతఃపుర స్త్రీలు, సైన్యంలో కొందరు కలిసి అబుల్ హసన్ పక్షం వహించారు. ఈ పని నడిపించిన వారిలో ముఖ్యుడు సయ్యద్ ముజఫర్. కొద్దిపాటి ఘర్షణ జరిగింది. పెద్దల్లుడు బందీ అయ్యాడు. అబుల్ హసన్ గోల్కొండకు ఎనిమిదవ సుల్తాను అయ్యాడు. సయ్యద్ ముజఫర్ లాంటి వారు ఆయన్ను ఎంచుకోవడానికి కారణం ఆయన మీద ప్రేమ ఒక్కటే కాదు. ఖాన్‌ఖాలో పెరిగినవాడు, రాజ్యవ్యవహారాలు తెలియనివాడు, గద్దె మీద వీణ్ణి కూర్చోబెట్టి మనమే ఏలుకోవచ్చని వారి లెక్క. బొమ్మను నిలబెట్టి వెనక నుంచి తీగ లాగడం ఆనాడూ ఉంది.

మాదన్న చేతికి రాజ్యం

సయ్యద్ ముజఫర్ మీర్ జుమ్లా అయ్యాడు, అంటే ప్రధానమంత్రి. రాజును తానే చేశాను కనుక రాజు తన మాట జవదాటకూడదన్నది ఆయన పట్టు. సుల్తానుకు ఊపిరాడకుండా చేశాడు. అయితే అబుల్ హసన్ వారు అనుకున్నంత అమాయకుడు కాదు. ముజఫర్ కచేరీలోనే హనుమకొండ నుంచి వచ్చిన మాదన్న అనే బ్రాహ్మణ ఉద్యోగి ఉండేవాడు. లెక్కల్లో దిట్ట. సైన్యంలో ముజఫర్ మనుషులను మాదన్న ఒక్కొక్కరిగా సుల్తాను వైపు తిప్పాడు. 1674 ప్రాంతంలో ముజఫర్ పదవి ఊడింది. నెత్తురు చుక్క చిందకుండా ఆ మార్పు జరిగింది. మాదన్న ప్రధాని అయ్యాడు, అన్న అక్కన్నకు కూడా పెద్ద పదవి దక్కింది.

ఆ తరువాత పన్నెండేళ్ళు రాజ్యం మాదన్న చేతుల మీదుగా నడిచింది. పన్నుల వసూలు గాడిలో పెట్టాడు. 1677లో ఛత్రపతి శివాజీ హైదరాబాదుకు వచ్చి నెల రోజుల దాకా అతిథిగా ఉన్నప్పుడు, సుల్తానుకూ ఆయనకూ మధ్య ఒప్పందం కుదిర్చింది మాదన్నే. ఢిల్లీ బలం ముందు దక్కను రాజ్యాలు ఒంటరిగా నిలవలేవని ఆయన ఎరుగును. ముస్లిం సుల్తాను, బ్రాహ్మణ మంత్రి, మరాఠా రాజు ఒకే కార్పెట్ మీద కూర్చుని మాట్లాడుకున్న ఆ నెల రోజులు మన దక్కను చరిత్రలో గుర్తుంచుకోదగినవి.

తెలుగువారి గుండెల్లో తానీషా నిలిచిపోయింది మాత్రం ఇంకో కారణంగా. అక్కన్న మాదన్నల మేనల్లుడు కంచర్ల గోపన్న. నేలకొండపల్లి ఆయన ఊరు. మేనమామల పలుకుబడితో పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. ఖజానాకు చేరవలసిన సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, నగలు చేయించాడు. లెక్క ఆరు లక్షలకు తేలింది. సుల్తాను గోపన్నను గోల్కొండ కోటలో ఖైదు చేయించాడు. ప్రధానమంత్రికి మేనల్లుడైనా ప్రభుత్వ సొమ్ము ప్రభుత్వ సొమ్మే అని ఆ శిక్ష. చెరసాలలో గోపన్న పాడుకున్న కీర్తనలే ఆయన్ను భక్త రామదాసును చేశాయి. నగలకు పెట్టిన ఖర్చంతా ఏకరువు పెట్టి సాక్షాత్తు రాముణ్ణే నిలదీసిన ఆ పాటలు తెలుగునాట ఎరగని వారు లేరు. ఒక రాత్రి రాముడు, లక్ష్మణుడు రామోజీ, లక్ష్మోజీ అనే బంట్ల రూపంలో వచ్చి సుల్తానుకు ఆరు లక్షలు చెల్లించి రసీదు పుచ్చుకున్నారని, తెల్లవారాక సంగతి తెలిసి సుల్తాను గోపన్నను సకల మర్యాదలతో విడిచిపెట్టాడని కథ. ఈ కథను 1964లో నాగయ్యగారు రామదాసు పేరుతో సినిమాగా తీశారు, 2006లో శ్రీరామదాసు వచ్చింది.

ఇది చరిత్రా, భక్తుల నమ్మకమా అన్న చర్చలోకి మేము పోము. ఒక్క విషయం మాత్రం గమనించండి. కథలు చెప్పే జనం తమ రాముడు దర్శనమిచ్చిన భాగ్యాన్ని ఖైదులో ఉన్న భక్తుడికి కాక, ఖైదు చేసిన ముస్లిం సుల్తానుకు కట్టబెట్టారు. పాలకుడి మీద జనానికి కోపం ఉంటే అటువంటి కథ పుట్టదు. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతోనే మొదలైందని చెబుతారు. ఆసఫ్‌జాహీ నవాబులు దాన్ని కొనసాగించారు, తరువాతి ప్రభుత్వాలూ కొనసాగిస్తూ వచ్చాయి. మచిలీపట్నం వైపు పర్యటించినప్పుడు భాగవతుల ఆట చూసి మెచ్చి, కూచిపూడి గ్రామాన్ని ఆ కుటుంబాలకు అగ్రహారంగా రాసిచ్చాడని కూచిపూడివారు తరతరాలుగా చెప్పుకుంటారు.

అయితే మెచ్చుకోలు ఒక్కటే రాస్తే అది చరిత్ర అనిపించుకోదు. ఫకీరుల మధ్య పెరిగినవాడైనా, కోటలోకి వచ్చాక తానీషా భోగాలకు అలవాటు పడ్డాడు. రాజ్యభారమంతా మాదన్న మీద వదిలి పాటలు, అత్తరులు, విందుల్లో పొద్దుపుచ్చాడని ఆనాటి రాతలు చెబుతాయి. పెద్ద ఉద్యోగాలు మాదన్న బంధువులకు పోతున్నాయని అమీర్లు గొణుక్కున్నారు. ఆ గొణుగుడు సుల్తాను చెవిన పడలేదు, పడినా పట్టించుకోలేదు. అధికారాన్ని కోరకపోవడం మంచి గుణమే. కానీ ఒకసారి చేతికి వచ్చాక, దాన్ని కాపలా లేని చేను చేస్తే మేయడానికి పశువులు ఎటునుంచైనా వస్తాయి. తానీషా కష్టాలకు మూలం ఇక్కడే ఉందని మా అభిప్రాయం.

ఆలంగీర్ కన్ను

ఇక రెండవ మనిషి సంగతి. ఔరంగజేబు ఆలంగీర్ తమ్ముడు మురాదును, అన్న దారాను తొలగించుకుని, తండ్రి షాజహానును ఆగ్రా కోటలో ఉంచి 1658లో ఢిల్లీ సింహాసనం ఎక్కాడు. సొంత జీవితంలో ఆయన నిరాడంబరుడు. నమాజు తప్పనివాడు, ఖురాను చేత్తో రాసినవాడు, టోపీలు కుట్టినవాడు. తిండి మీద, బట్ట మీద, నగల మీద ఆయనకు ఆశ లేదు. ఉన్నదల్లా రాజ్యం మీద. మిగతా ఆశలన్నీ గెలిచిన మనిషిని కూడా ఈ ఒక్క ఆశ ఓడించగలదని తెలుసుకోవడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

1656లో చేతికందినట్టే అంది, తండ్రి ఆజ్ఞతో వదులుకోవలసి వచ్చిన గోల్కొండను ఆయన మరిచిపోలేదు. 1681లో దక్కనుకు దిగాడు. కప్పం బాకీలు, మరాఠాలకు సాయం, మాదన్న పెత్తనం, ఇవన్నీ సాకులుగా దొరికాయి. ముస్లిం రాజ్యాలైన బీజాపూరు, గోల్కొండల మీద యుద్ధం ధర్మమని చెప్పడానికి ఆయన సొంత ప్రధాన ఖాజీ షేఖుల్ ఇస్లాం ఒప్పుకోలేదు. పదవి వదులుకుని మక్కా యాత్రకు వెళ్ళిపోయాడు. చక్రవర్తి ముఖం మీద కాదని చెప్పి పదవి విడిచిన ఆ ఖాజీని మన పిల్లలు తప్పక గుర్తుంచుకోవాలి.

1685లో యువరాజు షా ఆలం సైన్యంతో వచ్చాడు. గోల్కొండ సేనాని మహమ్మద్ ఇబ్రాహీం శత్రువుతో కలిసిపోయాడు. సుల్తాను హైదరాబాదు వదిలి గోల్కొండ కోట చేరాడు. దిక్కులేని హైదరాబాదును దోచుకున్నారు. కోటికి పైగా సొమ్ము కట్టాలి, అక్కన్న మాదన్నలను తొలగించాలి, ఇవీ షరతులు. సొమ్ముకు ఒప్పుకున్నాడు కానీ, మంత్రులను తొలగించడానికి తానీషాకు మనసు రాక రోజులు వెళ్ళదీశాడు. ఇంతలో లోపలి శత్రువులు తొందరపడ్డారు. 1686 మార్చిలో ఒక రాత్రి సుల్తాను దగ్గర నుంచి ఇంటికి వెళుతున్న అన్నదమ్ములిద్దరినీ గోల్కొండ వీధిలోనే నరికి చంపారు. వారి ఇళ్ళు దోచుకున్నారు. కుట్రలో అమీర్లతోపాటు అంతఃపురపు పెద్దమ్మల చెయ్యి కూడా ఉందంటారు. తలలను మొగలు శిబిరానికి పంపారు. ఈ బలితో రాజ్యం నిలుస్తుందని వారు అనుకున్నారు. రాజ్యం నిలవలేదు సరికదా, దాన్ని నడిపే బుర్ర పోయింది.

ఎనిమిది నెలల ముట్టడి

1686 సెప్టెంబరులో బీజాపూరు పడింది. 1687 మొదట్లో ఆలంగీర్ స్వయంగా గోల్కొండ ముందు దిగాడు. ఆ ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. భోగి అని పేరుపడ్డ తానీషా ఆ ఎనిమిది నెలలూ కోట వదలలేదు, వణకలేదు. ఖాన్‌ఖాలో నేర్చిన ఓర్పు అప్పుడు అక్కరకు వచ్చింది.

ఆ ముట్టడి కబుర్లు కథలకు మించినవి. కందకం పూడ్చడానికి మట్టి నింపే గుడ్డసంచుల్లో మొదటిదాన్ని ఆలంగీర్ వజూ చేసుకుని తన చేత్తో కుట్టాడు. గోడ కింద పెట్టిన మందుపాతరల సంగతి కోటలోని వారు పసిగట్టి, మందు తీసేసి నీళ్ళు పోశారు. పాతర పేలినప్పుడు రాళ్ళు మొగలు సైన్యం మీదనే పడ్డాయి. ఒక రాత్రి తాళ్ళ నిచ్చెనలతో గోడ ఎక్కుతున్న వారిని చూసి ఒక వీధికుక్క మొరిగింది, కావలివారు లేచారు. మర్నాడు సుల్తాను ఆ కుక్క మెడలో బంగారు గొలుసు వేయించాడు. ఫిరంగి గుండు తగిలిన మొగలు సేనాని ఖిలిచ్ ఖాన్, వైద్యులు భుజంలోని ఎముక ముక్కలు ఏరుతుంటే కాఫీ తాగుతూ కూర్చుని, కొద్దిరోజులకు ప్రాణం విడిచాడు. 1724లో దక్కనులో సొంత పాలన స్థాపించిన మొదటి నిజాం ఆ ఖిలిచ్ ఖానుకు మనవడు.

ఆ ఏడు వానలు లేవు. కరువు వచ్చింది, వెనకాలే రోగాలు వచ్చాయి. హైదరాబాదులోనూ, మొగలు శిబిరంలోనూ శవాలు మోసే దిక్కు లేకుండా పోయింది. ఇరువైపులా చచ్చినవారిలో గద్దె కోరినవాడు ఒక్కడూ లేడు. సంధి చేసుకుందామని తానీషాతో లోపాయికారీగా ఉత్తరాలు నడిపిన కొడుకు షా ఆలంను ఆలంగీర్ ఖైదు చేయించాడు. ఆ ఖైదు ఏళ్ళ తరబడి సాగింది. తండ్రిని బంధించినవాడే కొడుకునూ బంధించవలసి వచ్చింది.

ఫిరంగులు చేయలేని పని లంచం చేసింది. 1687 సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు కోట చిన్నద్వారం తెరిచాడు. ఆ రాత్రి అడ్డం నిలిచినవాడు అబ్దుర్రజాఖ్ లారీ. పెద్ద మన్సబు ఇస్తామని మొగలులు అంతకుముందే రాసిన ఉత్తరాన్ని అందరి ముందు చించి పారేసిన మనిషి. ఒంటరిగా గుర్రమెక్కి పోరాడి, ఒంటి మీద డెబ్భైకి పైగా గాయాలతో పడిపోయాడు. అతని నమ్మకానికి ముచ్చటపడి ఆలంగీరే వైద్యులను పంపి బతికించాడు. ద్వారం తెరిచినవాడి పేరు, అడ్డం నిలిచినవాడి పేరు, రెండూ మూడు వందల ఏళ్ళకు పైగా చెప్పుకుంటూనే ఉన్నాం. ఏ పేరు ఎలా పలుకుతామో చెప్పనక్కర్లేదు.

ఆ పొద్దుటి భోజనం

కోట పడిందని తెలియగానే తానీషా ముందు అంతఃపురంలోకి వెళ్ళి ఆడవారిని ఓదార్చాడు, తన వల్ల తప్పులుంటే క్షమించమని అడిగాడు. తరువాత దర్బారులోకి వచ్చి తన చోట కూర్చుని, పట్టుకోవడానికి వచ్చే వారి కోసం ఎదురు చూశాడు. రుహుల్లా ఖాన్ మొదలైన మొగలు సర్దారులు లోపలికి రాగానే సలాము చేసి, మర్యాదగా మాట్లాడాడు. భోజనం వేళ అయింది. వడ్డించమన్నాడు, వచ్చినవారినీ కూర్చోమన్నాడు. ఇటువంటి సమయంలో అన్నం ఎలా దిగుతుందని వారు విస్తుపోయారు. సుఖం పంపినవాడే కష్టమూ పంపాడని, రెండూ తనవి కావని, కొంతకాలం ఫకీరుగా, కొంతకాలం సుల్తానుగా ఉంచినవాడి ఇష్టప్రకారమే ఇదీ జరిగిందని ఆయన బదులిచ్చాడట. నింపాదిగా తిని, గుర్రమెక్కి బయలుదేరాడు. దారిలో ఎదురైన యువరాజు ఆజం మెడలో తన ముత్యాలహారం తీసి వేశాడు.

గోల్కొండ ఖజానాలో దాదాపు 7 కోట్ల రూపాయల నగదు, వజ్రాలు, వెండి బంగారాలు మొగలులకు దక్కాయంటారు. తానీషాను దౌలతాబాదు కోటకు పంపారు. అక్కడి చీనీ మహల్ అనే కట్టడంలో పన్నెండేళ్ళు ఖైదీగా ఉన్నాడు. 1699లో అక్కడే కన్నుమూశాడు. కుతుబ్‌షాహీ సుల్తానుల గుమ్మటాలు గోల్కొండ పక్కన వరుసగా ఉన్నాయి. వాటిలో ఈయన సమాధి లేదు.

ఖుల్దాబాదులో ఇద్దరు

దౌలతాబాదుకు దగ్గరలోనే ఖుల్దాబాదు ఉంది. మహారాష్ట్రలో ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అంటున్న ఔరంగాబాదు నుంచి పోవచ్చు. సూఫీ పెద్దలు నిద్రిస్తున్న ఊరు. అక్కడ గేసూదరాజ్ వారి తండ్రిగారైన హజ్రత్ షా రాజు ఖత్తాల్ దర్గా ఉంది. తానీషాను అక్కడ ఖననం చేశారు. ఏ పీరుగారి ఖాన్‌ఖా నుంచి ఆయన్ను గుర్రమెక్కించి తీసుకుపోయారో, ఆ పీరుగారి మూలపురుషుడి పాదాల దగ్గరికే చివరికి చేరాడు. నడుమ వచ్చిన గద్దె పదిహేనేళ్ళ మాట.

గెలిచినవాడి సంగతి కూడా చూద్దాం. గోల్కొండ గెలిచాక మొగలు రాజ్యం మునుపెన్నడూ లేనంత పెద్దదైంది. ఆలంగీర్ మాత్రం తిరిగి ఢిల్లీ చూడలేదు. ఇరవై ఏళ్ళు మరాఠాలతో పోరుతూ, కోట తరువాత కోట వెంట తిరుగుతూ, డేరాలలోనే ముసలివాడయ్యాడు. చివరి రోజుల్లో కొడుకులకు రాసిన ఉత్తరాల నిండా తన పాపాల భయం, ఒంటరితనం కనిపిస్తాయి. 1707లో అహ్మద్‌నగర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక మీద, గుమ్మటం లేకుండా, ఆకాశం కింద, ఒక సాదా సమాధిలో పెట్టారు. అది కూడా ఖుల్దాబాదులోనే. ఆయన పోయిన కొద్ది నెలలకే, తానీషా చేతి ముత్యాలహారం అందుకున్న ఆజం గద్దె కోసం అన్న షా ఆలంతో పోరాడి చనిపోయాడు. 1709లో చిన్న కొడుకు కామ్ బఖ్ష్ మన హైదరాబాదు దగ్గర అదే అన్నతో పోరాడి ప్రాణం పోగొట్టుకున్నాడు.

గోల్కొండను పోగొట్టుకున్నవాడు, గెలుచుకున్నవాడు ఒక ఊరి మట్టిలో వేరువేరు దర్గాలలో పడుకున్నారు. ఇద్దరికీ దక్కిన నేల ఇంచుమించు ఒక్కటే.

ఇందులో మనకు పనికివచ్చేది ఏమిటి? మన దగ్గర గోల్కొండ లేదు, వజ్రాలు లేవు. అయినా సంఘంలో కార్యదర్శి కుర్చీ ఉంటుంది, మసీదు కమిటీ ఉంటుంది, వేదిక మీద ముందు వరుస ఉంటుంది, శంకుస్థాపన రాయి మీద పేరు ఉంటుంది. రెండు వందల ఇళ్ళున్న ఊరిలో కూడా వీటి కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన సందర్భాలు మనం చూస్తూనే ఉన్నాం. ఎన్నికల ముందు ఉన్న పట్టుదల ఎన్నికలైన మర్నాటి నుంచి పేదపిల్లల ఫీజు లెక్కల మీద ఉండదు. అది ఆలంగీర్ పొరపాటు, చిన్న సైజులో. ఇంకోవైపు, మనకెందుకీ గొడవలని మంచివారు ఇంట్లో కూర్చుంటారు, కూర్చుని ఖజానా తాళాలు ఎవరికో వదిలేస్తారు. అది తానీషా పొరపాటు. రెండింటి వల్లా నష్టపోయేది ముట్టడి నాటి హైదరాబాదు ప్రజల్లాగా ఏ పదవీ అడగని జనమే.

పదవిని కోరి పరుగెత్తకూడదు. పదిమంది కలిసి అప్పగిస్తే కాదనకూడదు. అప్పగించినన్నాళ్ళూ లెక్క స్వయంగా చూసుకోవాలి. దిగమన్న రోజున అన్నం తినగలిగినంత నిబ్బరంతో దిగిపోవాలి. మొదటిదీ చివరిదీ తానీషా చేసి చూపాడు. లెక్క చూసుకోవడం ఆయన వల్ల కాలేదు, అందుకు రాజ్యమంతా మూల్యం చెల్లించింది. ఈసారి పిల్లలను గోల్కొండ కోట చూపడానికి తీసుకువెళ్ళినప్పుడు రామదాసు చెరసాలతో, చప్పట్ల ప్రతిధ్వనితో సరిపెట్టకండి. ఆ రాళ్ళ మధ్య నుంచి ఒక పొద్దున భోజనం ముగించి, తొందరపడకుండా గుర్రమెక్కి వెళ్ళిపోయిన మనిషి కథ కూడా చెప్పండి.